పిల్ల అవ్వను మరిగితే అమ్మను మరిచిపోతుందా?

ఉద్యోగం చేసే తల్లులకు ప్రసూతి సెలవు 2017 సవరణ తర్వాత మొదటి రెండు కాన్పులకు 26 వారాలయింది. ఆ వారాలు అయిపోవస్తున్నాయి అనగానే మనలాంటి ఇళ్ళల్లో ఒక పంచాయితీ మొదలవుతుంది. బిడ్డను ఎవరి దగ్గర పెట్టాలి? ఊళ్ళో అవ్వ దగ్గరా, బెంగళూరులో డేకేరులోనా, లేదంటే తల్లి ఉద్యోగం మానుకోవాలా? పోయినేడు మా ఇంట్లో ఈ పంచాయితీ మూడు వారాలు నడిచింది. అప్పుడు మేము చదివింది, మాట్లాడుకున్నది, చివరికి తేల్చుకున్నది ఇక్కడ రాసి పెడుతున్నాం. మన ఇంటి ఆడపిల్లల్లో ఇద్దరు ఇప్పుడు కడుపుతో ఉన్నారు, వాళ్ళకు పనికొస్తుందని.

రాసే చెయ్యి మా ఇద్దరిలో ఒకరిదే అయినా ఆలోచన ఇద్దరిదీ కాబట్టి మేము అనే రాస్తున్నాం. ఇద్దరం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉన్నాం, ఇద్దరం కన్నడ మీడియంలోనే చదివినాం. తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నవి. మాటలో ముళబాగిలు వాసన వస్తే అది మా ఊరిది.

మా ఇంట్లో తరతరాలుగా ఒక పద్ధతి ఉంది. తల్లి మళ్ళీ నీళ్ళు పోసుకుంటేనో, పొలంలో పని ఎక్కువైతేనో, పట్నంలో ఉద్యోగం వస్తేనో, పెద్దబిడ్డను అవ్వ దగ్గర వదిలేవాళ్ళు. పాలు మాన్పించేటప్పుడూ అంతే. వేపాకు నూరి పూసేది, అప్పటికీ మానకపోతే నాలుగు దినాలు బిడ్డను అవ్వ ఇంటికి పంపేది. మా పెద్దనాయన ఒకాయన ఆరేళ్ళ వరకు అట్లే అవ్వ దగ్గర పెరిగినాడు. పండగలకు తల్లి వస్తే, ఇంట్లో అందరూ ఆమెను అక్కా అంటారు కాబట్టి, తనూ అక్కా అనే పిలిచేవాడంట. అరవై దాటినాక కూడా జ్వరమొస్తే ఆయన నోట వచ్చేది అవ్వా అనే. ఆ తల్లి ముసలితనంలో ఒక మాట అనేదంట: "కన్నది నేను, పెరిగింది ఆమెకు." ఈ మాట మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. అందుకే పిల్లను ఊరికి పంపుదామని మాలో ఒకరు అనగానే ఇంకొకరికి అన్నం సయించలేదు.

అవ్వ మాత్రం, అంటే మా పిల్లకు అవ్వ, గట్టిగా నిలబడింది. "మీరంతా అట్ల పెరిగినోళ్ళే కదప్పా. ఏం తక్కువయింది మీకు? బిడ్డ ఎవురి దగ్గర మాలిమైతే వాళ్ళే తల్లి."

మాలిమి అనే మాట మాకు బాగా నచ్చింది. శాస్త్రం చదివినవాళ్ళు దీన్ని అనుబంధం అంటారు. బిడ్డ భయపడినప్పుడు, అలిసినప్పుడు, దెబ్బ తగిలినప్పుడు ఎవరి దగ్గరికి పోతుంది, పోయినాక కుదుటపడుతుందా లేదా అనేదే ఈ శాస్త్రం అడిగే ప్రశ్న.

ఈ శాస్త్రానికి ఆద్యుడు జాన్ బౌల్బీ అనే లండన్ డాక్టరు. 1907లో ఉన్నవాళ్ళ ఇంట్లో పుట్టాడు. ఆ కాలం అక్కడి పద్ధతి ప్రకారం పిల్లలు ఆయాల చేతుల్లో పెరిగేవాళ్ళు, తల్లి సాయంత్రం టీ తర్వాత ఒక గంట కనిపించేది. ఆయన్ను ఎత్తుకుని పెంచిన ఆయా ఆయనకు నాలుగేళ్ళప్పుడు పని మానేసి వెళ్ళిపోయింది. ఆ దిగులు ఆయన పెద్దయినా మరిచిపోలేదు. యుద్ధం తర్వాత ఇల్లూ వాకిలీ లేని పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆయన్ను నివేదిక అడిగింది. 1951లో వచ్చిన ఆ నివేదికలో, చిన్నబిడ్డకు తిండి ఎంత అవసరమో విడవకుండా ఉండే ఒక మనిషి ప్రేమ కూడా అంతే అవసరమని రాశాడు. దాన్ని పట్టుకుని తల్లి పనికి పోవడమే తప్పు అని చాలామంది వాదించారు. కానీ ఆయన తల్లి అన్నచోట, తల్లి లేకపోతే ఆమె స్థానంలో స్థిరంగా ఉండే మనిషి అని కూడా రాశాడు. మాకు ఆ స్థిరంగా అనే మాట దగ్గర ఆగాలనిపించింది.

ఆ రోజుల్లో బిడ్డ తల్లిని అంటిపెట్టుకునేది పాల కోసమే అనే అభిప్రాయం బలంగా ఉండేది. 1958లో అమెరికాలో హ్యారీ హార్లో అనే ఆయన కోతిపిల్లలకు రెండు బొమ్మ తల్లులను పెట్టాడు. ఒకటి ఇనుప తీగతో చేసింది, ఇంకొకటి మెత్తటి గుడ్డ చుట్టింది. పాలసీసా తీగ తల్లికే కట్టినా, పిల్లలు తాగి వచ్చి గుడ్డ తల్లినే కరుచుకుని కూర్చున్నాయి. ఈ కథ చెప్తే అవ్వ నవ్వింది. "దీనికి కోతులెందుకప్పా? చీర కొంగు పట్టుకుని నిద్రపోయే బిడ్డను చూస్తే తెలీదా?"

బౌల్బీ దగ్గర పనిచేసిన మేరీ ఎయిన్స్‌వర్త్ 1954లో భర్త ఉద్యోగం వల్ల యుగాండా పోయింది. కంపాలా దగ్గర పల్లెల్లో 26 కుటుంబాల ఇళ్ళకు పోయి, అక్కడి భాష నేర్చుకుని, 28 మంది బిడ్డలను నెలల తరబడి గమనించింది. ఆమె మొదట చూడాలనుకున్నది ఏమిటో తెలిస్తే మన పెద్దలు ఆశ్చర్యపోతారు. పాలు మాన్పించేటప్పుడు బిడ్డను అవ్వ ఇంటికి పంపే ఆచారం గండా జనానికీ ఉండేది, ఆ విడిపోవడం బిడ్డకు ఏం చేస్తుందో చూద్దామనుకుంది. తీరా పోతే ఆ ఆచారం చాలావరకు పోయింది. దాంతో తల్లీబిడ్డల మామూలు దినచర్యనే చూడడం మొదలుపెట్టింది. తమ బిడ్డ ఎప్పుడు ఎందుకు ఏడుస్తుందో, ఏది ఇష్టమో, చిన్నచిన్న సంగతులు కూడా విడమరిచి చెప్పగలిగిన తల్లుల బిడ్డలు నిబ్బరంగా ఉన్నారని గమనించింది. అమ్మ కళ్ళముందు ఉంటే చాలు, ఆ బిడ్డలు ధైర్యంగా దోగాడుకుంటూ దూరం పోయి, మళ్ళీ వచ్చి తాకి పోయేవాళ్ళు.

అమెరికా తిరిగి వచ్చాక బాల్టిమోరులో 26 కుటుంబాలను బిడ్డ పుట్టినప్పటి నుంచి ఏడాది పాటు, ఒక్కో ఇంట్లో సుమారు 70 గంటలు గమనించారు. ఆ ఏడాది చివర ఆమె ఒక పరీక్ష పెట్టింది. ఇది మా పనికి దగ్గరి విషయం కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాం.

ఏడాది నిండిన బిడ్డ, తల్లి, కొన్ని బొమ్మలు ఉన్న కొత్త గది. ముక్కూ మొహం తెలియని ఒకామె లోపలికి వస్తుంది. తల్లి బయటికి పోతుంది, మళ్ళీ వస్తుంది. ఇంకోసారి బిడ్డను పూర్తిగా ఒంటరిగా వదిలి పోతుంది, మళ్ళీ వస్తుంది. మొత్తం ఎనిమిది ఘట్టాలు, ఒక్కోటి మూడు నిమిషాలు మించదు, బిడ్డ మరీ ఏడిస్తే ముందే ఆపేస్తారు. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. దీని గురించి విన్నాక అవ్వ అన్న మాట: "బిడ్డను ఏడిపించి చూసేదా పరీక్ష? వాళ్ళింట్లో పెద్దోళ్ళు ఎవురూ లేరా?"

మా పనిలో మొదటి పాఠం, ఒక టెస్టు దేన్ని కొలుస్తుందో తెలీకుండా దాని రిజల్టు నమ్మకూడదని. ఈ పరీక్ష పేరు విన్నవాళ్ళు చాలామంది, తల్లి పోయేటప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందో కొలుస్తారు అనుకుంటారు. అది కాదు. ముఖ్యంగా చూసేది తల్లి తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందనేదే. నిబ్బరంగా ఉన్న బిడ్డ ఏడ్చినా, ఏడవకపోయినా, తల్లి రాగానే చేతులు చాచుతుంది, కాసేపు ఒళ్ళో కుదుటపడి మళ్ళీ బొమ్మల దగ్గరికి పోతుంది. ఎయిన్స్‌వర్త్ 1978లో వేసిన పుస్తకంలో సుమారు మూడింట రెండొంతుల బిడ్డలు ఇట్లాంటివాళ్ళే. కొందరు ఎత్తుకోమని ఏడుస్తారు, ఎత్తుకుంటే తంతారు, ఎంతకీ ఊరుకోరు. ఇంకొందరు తల్లి వచ్చినా మొహం తిప్పుకుని ఆడుకుంటూ ఉంటారు. చూసేవాళ్ళు "ఎంత బుద్ధిమంతురాలు, ఏడవనే ఏడవదు" అంటారు. అట్లాంటి బిడ్డల గుండె వేగం కొలిస్తే లోపల అదురుతూనే ఉందని 1970ల్లోనే తేలింది. మా భాషలో చెప్పాలంటే స్క్రీన్ మీద పాస్, లాగులో ఎర్రర్. బిడ్డ ఏడవకపోవడం, బిడ్డ బాగుండడం, రెండూ ఒకటి కాదు.

ఇంకో పాఠం, టెస్టు ఫెయిలైతే కొన్నిసార్లు తప్పు ప్రోగ్రాములో ఉండదు, నడిపిన చోటులో ఉంటుంది. 1980ల్లో జపానులో సప్పోరో ఊళ్ళో ఇదే పరీక్ష పెడితే చాలామంది బిడ్డలు ఊరుకోనివాళ్ళ గుంపులో పడ్డారు. అక్కడి చంటిబిడ్డలు తల్లిని వదిలి ఒంటరిగా ఉండేదే అరుదు. మూడు నిమిషాల ఒంటరితనం వాళ్ళకు పెద్ద గండం. వీపు దిగని మన బిడ్డలకైనా అంతే. 1988లో ఇద్దరు డచ్చి పరిశోధకులు ఎనిమిది దేశాల నుంచి 32 అధ్యయనాలు కలిపి చూస్తే, దేశానికీ దేశానికీ మధ్య తేడాల కంటే ఒకే దేశం లోపలి తేడాలే ఒకటిన్నర రెట్లు ఎక్కువ వచ్చాయి. అందుకని వాళ్ళ పెంపకం ఇట్లాంటిది, మన పెంపకం అట్లాంటిది అని గీత గీయడం కుదరదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాం. అవ్వను మరిగితే అమ్మ పోతుందా?

దీనికి మాకు దొరికిన మంచి జవాబు స్కాట్లండులోని గ్లాస్గో నుంచి వచ్చింది. రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ అనే ఇద్దరు అక్కడి మామూలు కూలీనాలీ కుటుంబాల్లో 60 మంది బిడ్డలను చూసి 1964లో రాశారు. ఏడాదిన్నర వచ్చేసరికి ఒకే ఒక్క మనిషిని అంటిపెట్టుకుని ఉన్న బిడ్డలు నూటికి 13 మందే. మిగతావాళ్ళకు తల్లితో పాటు తండ్రి, అవ్వ, తాత, అక్క, పక్కింటివాళ్ళు కూడా ఉన్నారు. ఎవరిని ఎక్కువ అంటుకున్నారు అంటే, ఎక్కువ గంటలు దగ్గర ఉన్నవాళ్ళను కాదు, బిడ్డ సైగ చేస్తే వెంటనే పలికి, ఆడించేవాళ్ళను.

అంటే బిడ్డ ప్రేమ చెంబులో నీళ్ళు కాదు, ఒకరికి పోస్తే ఇంకొకరికి తగ్గడానికి. మా పెద్దనాయన విషయం అప్పటినుంచి వేరేగా కనబడుతూ ఉంది. ఇన్నేళ్ళూ ఇంట్లో అందరూ తల్లి పోగొట్టుకున్నదాని గురించే మాట్లాడినారు. ఆరేళ్ళ పిల్లాడిని బడి కోసమని ఒకే దినంలో బస్సెక్కించి టౌనుకు తెచ్చినప్పుడు, అవ్వను వదిలి అతనెట్లా ఉన్నాడో ఎవరూ అడగలేదు. జ్వరంలో ఆయన పిలిచింది ఆమెనే కదా. అవ్వ దగ్గర పెరగడం ఆయనకు లోటు చేయలేదు, అవ్వ నుంచి తెంచి తేవడమే చేసింది అని మేము అనుకుంటున్నాం. బౌల్బీని కూడా బాధపెట్టింది ఆయా ఉండడం కాదు, ఆయా పోవడమే.

ఈ తెంచడం ఏం చేస్తుందో బౌల్బీ దగ్గర పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో సినిమా తీసి చూపించాడు. రెండున్నరేళ్ళ పాప ఎనిమిది దినాలు లండన్ ఆసుపత్రిలో ఉంటుంది. అప్పటి నియమం ప్రకారం తల్లిదండ్రులు ఎప్పుడంటే అప్పుడు రాకూడదు. పాప గోల చేయదు, కానీ దినదినానికీ మొహం మూసుకుపోతుంది. మొదట చాలామంది డాక్టర్లు మండిపడ్డారు. 1959లో ఇంగ్లండులో ప్లాట్ కమిటీ మాత్రం ఆసుపత్రిలో పిల్లలను తల్లిదండ్రులు ఎప్పుడైనా చూడొచ్చని సిఫారసు చేసింది. తర్వాత రాబర్ట్‌సన్, ఆయన భార్య జాయిస్ ఇంకో పని చేశారు. తల్లి కాన్పుకు పోయిన చంటిపిల్లలను తమ ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నారు. ముందుగానే బిడ్డతో పరిచయం చేసుకున్నారు, అలవాటైన దుప్పటి, బొమ్మ తెప్పించుకున్నారు, తల్లి ఫొటో చూపిస్తూ ఆమె మాటలు చెప్తూ ఉన్నారు. ఆ పిల్లలు దిగులు పడ్డారు గానీ కుంగిపోలేదు. అదే కాలంలో చేతులు మారుతూ ఉండే ఒక శిశుశాలలో తొమ్మిది దినాలున్న ఏడాదిన్నర బాబు బాగా చెదిరిపోయాడు. విడిపోవడం రెండుచోట్లా ఒకటే, ఒకచోట పట్టుకునే మనిషి ఉన్నారు, ఇంకోచోట లేరు.

రొమేనియాలో బుకారెస్టు అనాథశాలల్లో 2000 తర్వాత నడిచిన అధ్యయనం దీని చివరి అంచు. షిఫ్టులు మారే ఆయాల మధ్య పెరుగుతున్న 136 మంది బిడ్డల్లో సగంమందిని చీటీలు వేసినట్టు ఎంచి పెంపుడు ఇళ్ళకు ఇచ్చారు. ఇళ్ళకు పోయినవాళ్ళు అనుబంధంలో ముందుకొచ్చారు, రెండేళ్ళ లోపే పోయినవాళ్ళు ఇంకా బాగా. కన్నతల్లి కాకపోయినా, ఇది నా బిడ్డ అనుకునే మనిషి ఒకరు దొరికితే బిడ్డ కోలుకుంటుంది.

డేకేరు భయం కూడా మాకు ఉండేది. అమెరికాలో 1991లో మొదలుపెట్టి వెయ్యికి పైగా కుటుంబాలను చూసిన పెద్ద అధ్యయనంలో, డేకేరుకు పోవడం ఒక్కటే తల్లితో అనుబంధాన్ని చెడగొట్టదని 1997లో తేల్చారు. ఇంట్లో తల్లి పలకడమూ తక్కువై, దాంతోపాటు డేకేరు మంచిది కాకపోవడమో, ఎక్కువ గంటలుండడమో, చోట్లు మారుతూ ఉండడమో కలిస్తేనే చిక్కు ఎక్కువైంది.

పని నుంచి అలిసి వచ్చే మాలాంటివాళ్ళకు ఊరట ఇచ్చింది ఎడ్ ట్రోనిక్ పని. మంచి తల్లీబిడ్డలు కూడా ఒకరికొకరు సరిగ్గా తాళం కలిసి ఉండేది సుమారు మూడోవంతు సేపే అంటాడు. మిగతా సేపు తప్పుతూ, సర్దుకుంటూ ఉంటారు. బిడ్డ నేర్చుకునేది ఆ సర్దుకోవడం దగ్గరే. ఎప్పుడూ తప్పకుండా ఉండాలనే బరువు దిగింది.

మన ఇళ్ళకు ఇంకో సంగతి ఉంది, భాష. పుట్టి రెండు దినాలైన బిడ్డలు కూడా తల్లి భాషను పరాయి భాష కంటే ఎక్కువ ఇష్టంగా వింటారని 1993లో చూశారు. కడుపులో ఉన్నప్పుడు రెండు భాషలు విన్న బిడ్డలు రెండింటికీ చెవి ఒగ్గుతారని 2010లో తేలింది. డేకేరులో మా పిల్లకు కన్నడ, హిందీ, ఇంగ్లీషు వినబడతాయి, వినబడనీ, మంచిదే. కానీ లాల పోసేటప్పుడు, బువ్వ పెట్టేటప్పుడు, కింద పడితే ఎత్తుకుని దుమ్ము దులిపేటప్పుడు వినబడేది తెలుగు. బడిలో తెలుగు లేకుండానే మా ఇద్దరికీ తెలుగు నిలిచింది ఈ దారిలోనే. తెలుగులో మమ్మల్ని ఎవరూ చదివించలేదు, ఊరుకోబెట్టినారు.

ఇక మేము తేల్చుకున్నది. పిల్లను ఊరికి పంపలేదు. పంపితే నాలుగేళ్ళకో అయిదేళ్ళకో అవ్వ నుంచి తెంచి తేవాల, అంటే రెండుసార్లు తెంపడం. దానికి బదులు అవ్వే వారంలో నాలుగు దినాలు బెంగళూరు వస్తా ఉంది. ఇది ఆమెకు చిన్న సంగతి కాదు. రెండు ఆవులున్నాయి, పాలు డైరీకి పోయాల. ఒక ఆవును అమ్మేసి, ఇంకొకదాన్ని మరిది కొడుకుకు అప్పగించింది. ఆవును తోలుకుపోయిన దినం అన్నం తినలేదు. పిల్ల అనుబంధం గురించి ఇంత చదివిన మేము, అవ్వ వదులుకున్నదాన్ని కూడా లెక్కలో రాయాల.

శుక్రవారం మేము ఇంటినుంచే పని చేస్తాం. ఏడాది నిండినాక పూటకు మూడు గంటలు డేకేరు. మొదటి రెండు వారాలు అవ్వ అక్కడే మూల కూర్చుంది. అందరినీ కాకుండా ఒక్క ఆయానే పిల్లకు దగ్గర చేయమని అడిగినాం. అక్కడివాళ్ళు వింతగా చూసినారు గానీ ఒప్పుకున్నారు. పోయేటప్పుడు కళ్ళుగప్పి పోము. "పోయి వస్తాం" అని చెప్పే పోతాం, ఏడ్చినా సరే.

ఇప్పుడు పిల్లకు పద్నాలుగు నెలలు. సాయంత్రం మేము తలుపు తీస్తే అవ్వ చంకలో నుంచి చేతులు చాచుతుంది. కాసేపటికి మళ్ళీ అవ్వ దగ్గరికే పోతుంది. రాత్రి ఉలిక్కిపడితే ఒక దినం అమ్మా అంటుంది, ఒక దినం అవ్వా అంటుంది. అవ్వా అన్న దినం మాలో ఒకరికి మనసు చివుక్కుమంటుంది, లేదని చెప్పం. అయినా పిలవడానికి ఇద్దరున్న బిడ్డ అది.

ఊళ్ళో అవ్వ దగ్గర పెరిగిన పెద్దవాళ్ళు ఇది చదివి మనసు కష్టపెట్టుకోవద్దు. మిన్నెసోటాలో 1970ల నుంచి పిల్లలను పెద్దయ్యేదాకా వెంట ఉండి చూసిన అధ్యయనం చెప్పేది, మొదటి ఏళ్ళు పునాదే గానీ తలరాత కాదని. తర్వాత దొరికిన మనుషులు కూడా లెక్కలోకి వస్తారు.

హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపురం వైపు ఉన్న మన చుట్టాల ఇళ్ళల్లో ఈ పంచాయితీ ఎట్లా తేలిందో రాయండి. ముఖ్యంగా అవ్వ దగ్గర పెరిగి, తర్వాత అమ్మానాయనల దగ్గరికి వచ్చినవాళ్ళు ఆ వచ్చిన మొదటి నెల గురించి రాయండి. దాని గురించి మన ఇళ్ళల్లో ఎవరూ పెద్దగా అడిగినట్టు లేదు.